తుంగమ్మ తుంచిన వద్దుపువ్వు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక చివర, అది నేలో నీళ్ళో తేల్చుకోలేని చోటు ఒకటి ఉండేది. కాలు పెడితే మడమ దాకా బురద. ఇంకో అడుగు వేస్తే మోకాలి దాకా నీళ్ళు. ఎటు చూసినా జమ్ము, రెల్లు, కప్పల గోల. దాన్ని అందరూ చిత్తడి అనేవారు. ఆ చిత్తడిలో ఒక అడవిపందుల మంద కాపురం ఉండేది.

పందులనగానే అలా మూతి ముడుచుకోకండర్రా! ఆ మందలో ఉన్నన్ని మర్యాదలు, పట్టింపులు మన పెళ్ళిళ్ళలో కూడా ఉండవు. వినండి, మీకే తెలుస్తుంది.

ఆ మందకు ఇష్టమైన తిండి తీపిదుంప. బురదలో ముట్టె దూర్చి తవ్వితే ఉల్లిగడ్డంత దుంప పైకి వస్తుంది. కొరికితే కరకరలాడుతుంది. చలికాలమంతా వాటికి అదే బువ్వ, అదే పాయసం. కానీ అదే బురదలో, అదే దుబ్బుల మధ్య ఇంకో మొక్క కూడా పెరిగేది. ఆకు చూస్తే తీపిదుంప ఆకే. దుంప చూస్తే తీపిదుంపే. వాసన చూద్దామా అంటే బురద కంపులో అంతా ఒకటే. తేడా ఒక్కటే. వానలు వెనకబట్టాక దానికి తెల్లటి పువ్వు పూసేది. రేకుల మధ్య ఎర్రటి చార ఉండేది. పూసిందంటే చలికాలం పోయేదాకా వాడదు. చుట్టుపక్కల అడవుల్లో ఎక్కడ వెతికినా అలాంటి పువ్వు లేదు. ఈ చిత్తడిలో కూడా అక్కడొకటి ఇక్కడొకటి, అంతే. చూస్తే ఎంత ముద్దుగా ఉండేదనుకున్నారు! దాని దుంప తిన్నవాడు మాత్రం ఆ పొద్దు దాటడు.

దాని అసలు పేరేమిటో మందలో ఎవరికీ తెలియదు. తల్లులు పిల్లలకు దాన్ని చూపించి "వద్దు, వద్దు, వద్దు" అని ముమ్మారు చెప్పేవారు. అలా అని అని దానికి వద్దుపువ్వు అనే పేరే స్థిరపడిపోయింది.

పిల్లలకు వద్దు చెప్పే పని తుంగమ్మ అనే పందిది. వాళ్ళమ్మ చెప్పేది, వాళ్ళ అమ్మమ్మ చెప్పేది, ఇప్పుడు తను చెబుతోంది. ఏటా పూలు విచ్చుకోగానే కొత్త పిల్లలందరినీ వరసగా నిలబెట్టేది.

"పువ్వున్న చోట ముట్టె పెట్టకండి. పువ్వు లేని చోట ఎంతైనా తవ్వుకోండి. తెలిసిందా?" అనేది.

తర్వాత ఒక్కొక్కరి నోట్లో ఒక్కో తీపిదుంప పెట్టేది. ఆనందంగా నమలబోతుంటే ఒక్కసారి "వద్దు!" అని అరిచేది. ఆ మాట చెవిన పడగానే దుంప కింద పడాలి. పడకపోతే ఎంత గారాల పిల్లైనా సరే, తుంగమ్మ ముట్టెతో పొడిచే పోటుకు బురదలో పల్టీ కొట్టాల్సిందే. మూడో రోజుకల్లా పిల్లలు నిద్రలో "వద్దు" అని వినబడినా నోరు తెరిచేవాళ్ళు.

ఆ తుంగమ్మకు ఒక్కతే కూతురు. పేరు గరిక. గరిక వాళ్ళ నాన్నను ఎప్పుడో చిరుత ఎత్తుకుపోయింది. తల్లీకూతుళ్ళకు దిక్కూ మొక్కూ తుంగమ్మ అన్న కోరయ్యే. మందకు పెద్ద కూడా ఆయనే. పొడుగాటి కోరలు, పెద్ద గొంతు, అంతకంటే పెద్ద పరువు.

గరికకు పెళ్ళీడు వచ్చింది. పోయినేడు ఏటి అవతలి నుంచి ఒక సంబంధం వచ్చింది. వచ్చినవాళ్ళు చిత్తడి గట్టు దిగుతూనే తెల్లపువ్వును చూశారు. ఇదేమిటని అడిగారు. తుంగమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. అంతే, "విషం పూసే చోట పిల్లను చేసుకుంటామా!" అని గట్టు మీది నుంచే వెనక్కి తిరిగారు. గరిక ఒంటికి పూసుకున్న ఎర్రమన్ను ఇంకా ఆరనైనా లేదు. ఆ రోజంతా తుంగమ్మ జమ్ములో దూరి ఏడ్చింది.

ఈ ఏడు ఒక గోరింక ఎగురుకుంటూ వచ్చింది. దాని నోట్లో నువ్వుగింజ నానదు.

"తుంగమ్మత్తా, తుంగమ్మత్తా! కొండ మీది గుట్టయ్య మంద వాళ్ళు నీ గరికను చూడ్డానికి వస్తున్నారు. ఎల్లుండి పొద్దెక్కేసరికి ఇక్కడుంటారు. పిల్లాడు బంగారం. కానీ వాళ్ళు మహా పట్టింపు మనుషులు. ఇప్పటికి మూడు సంబంధాలు తిరగ్గొట్టారు."

"ఎందుకే?" అంది తుంగమ్మ.

"ఒక మడుగులో జలగలున్నాయట, వద్దన్నారు. ఒక తోపులో ముళ్ళున్నాయట, వద్దన్నారు. ఒక వాగు దగ్గర చిరుత అడుగులు కనబడ్డాయట, వద్దన్నారు" అని చెప్పి గోరింక తుర్రుమంది.

కోరయ్య ఈ మాట విన్నాడు. చెల్లెల్ని పక్కకు పిలిచాడు.

"తుంగమ్మా, జలగలకే వెనక్కి పోయినవాళ్ళు విషానికి ఉంటారా? ఆ పువ్వులు తుంచి పారెయ్. వాళ్ళు వచ్చి పోయేదాకా కనబడకుండా ఉంటే చాలు."

తుంగమ్మ అదిరిపడింది. "అదేం మాటన్నయ్యా! పువ్వు పోతే దుంప పోతుందా? ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"నీకు తెలుసుగా. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు. నువ్వు పక్కనే నిలబడు."

"అమ్మ నా చేతుల్లో పెట్టి పోయిన పని అన్నయ్యా ఇది."

"గరిక కూడా నీ చేతుల్లోనే ఉంది. దాన్ని ఎప్పటికీ ఈ బురదలోనే కూర్చోబెడతావా?"

"పిల్లలున్నారు. ఎవరైనా తవ్వుకుంటే?"

"పిల్లల్ని ఆ పూట గట్టు మీద కూర్చోబెట్టిస్తాను. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. నిన్ను ఒక్క అబద్ధం కూడా ఆడమనడం లేదు. పువ్వు తుంచమంటున్నాను, అంతే!"

తుంగమ్మకు పోయినేడు గరిక మొహం గుర్తొచ్చింది. సరేనంది.

మర్నాడు సాయంత్రం గరికను పిన్నమ్మలు ఎర్రమన్ను పూయడానికి తీసుకెళ్ళగానే తుంగమ్మ చిత్తడిలోకి దిగింది. నీళ్ళ మధ్య ఒంటికాలి మీద నిలబడ్డ ముసలి కొంగ దాన్ని చూసింది.

"ఏం చేస్తున్నావే తుంగమ్మా?"

"ఏమీ లేదు కొంగత్తా. రేపు చుట్టాలొస్తున్నారు. కాస్త శుభ్రం చేస్తున్నాను."

"శుభ్రమా! గుంటను ఆకులతో కప్పి శుభ్రం చేశానన్నట్టుంది నీ మాట. గుంట పూడ్చలేని వాళ్ళు దాని మీద కర్రైనా పాతి ఉంచాలే, పీకెయ్యకూడదు" అంది కొంగ.

తుంగమ్మ వినబడనట్టు మొహం తిప్పుకుంది. మొదటి పువ్వు కాడను పళ్ళతో కొరికింది. నాలుక చివర చురుక్కుమంది. వెంటనే తిమ్మిరెక్కింది. అయినా ఆగలేదు. పువ్వు తర్వాత పువ్వు తుంచుకుంటూ పోయింది. అన్నింటినీ పక్కనున్న ఏటి ప్రవాహంలో వదిలేసింది. తెల్లటి పువ్వులు గుంపుగా కొట్టుకుపోయాయి.

అప్పుడు వెనక్కి తిరిగి చూసింది.

పై ప్రాణాలు పైనే పోయాయి!

చిత్తడంతా ఒకే పచ్చదనం. ఒకే ఆకు. తెగిన కాడలు బురదలో మునిగిపోయాయి, ఏ దుబ్బు ఏదో తెలియడం లేదు. ఇప్పుడే కదా ఈ జమ్ము పక్కన తుంచింది? కాదు, ఆ రెల్లు పక్కనేమో! అటు పరిగెత్తింది, ఇటు పరిగెత్తింది. ఇన్నేళ్ళుగా తనకు తెలుసనుకున్నది చోటు కాదు, పువ్వే. పువ్వును చూసి చోటు చెప్పేది. ఇప్పుడు పువ్వు లేదు. వద్దు చెప్పే తుంగమ్మకు నిన్న పుట్టిన పిల్లకు తెలిసినంత కూడా తెలియదు.

పరుగున అన్న దగ్గరికి వెళ్ళింది. "అన్నయ్యా, ఘోరం జరిగిపోయింది! ఏది ఏదో నాకే తెలియడం లేదు."

కోరయ్య పకపకా నవ్వాడు. "నీకే తెలియకపోతే వచ్చేవాళ్ళకేం తెలుస్తుంది? ఇంకా మంచిది!"

తుంగమ్మ, తన అన్నేనా ఇలా మాట్లాడుతున్నది అని కళ్ళప్పగించి చూసింది.

"గరికకైనా చెబుతాను" అంది చివరికి.

"చెప్పావంటే పిల్ల బెదిరిపోతుంది. మొహంలో తెలిసిపోతుంది. నోరు మూసుకుని పడుకో" అన్నాడు కోరయ్య.

తెల్లారింది. పొద్దెక్కేసరికి గుట్టయ్య, ఆయన భార్య ముళ్ళమ్మ, కొడుకు దుబ్బన్న కొండ దిగి వచ్చారు. కోరయ్య ఎదురెళ్ళి ముట్టెకు ముట్టె ఆనించి మర్యాద చేశాడు.

"రండి బావగారూ, రండి! మా చిత్తడి చూశారా? కడిగిన ముత్యంలా ఉంటుంది. ఇందులో ఒక మచ్చ గానీ, ఒక కీడు గానీ లేదు."

"అలాగా!" అన్నాడు గుట్టయ్య. ఆయన చిత్తడినంతా నిదానంగా కలియజూశాడు. ముళ్ళమ్మ వైపు చూశాడు.

గరిక వచ్చింది. ఎర్రమన్ను పూసుకుని, చెవి దగ్గర రెల్లుపూలు పెట్టుకుని కళకళలాడుతోంది. తల్లిని చూసి నవ్వింది. తుంగమ్మకు నవ్వు రాలేదు.

పందుల పెళ్ళిచూపుల్లో ఒక ఆచారం ఉంది. మనవాళ్ళు పిల్లను పాట పాడమన్నట్టు, వాళ్ళు పిల్లను దుంప తవ్వమంటారు. మొదటి దుంప మామగారికి. రెండోది అత్తగారికి. మూడోది పిల్ల సగం కొరికి, మిగతా సగం పిల్లాడికి ఇవ్వాలి. ఆ సగం అతను తింటే సంబంధం ఖాయం.

"తవ్వు తల్లీ" అన్నాడు కోరయ్య.

గరిక బురదలోకి దిగింది. ఒకసారి చుట్టూ చూసింది. ఎక్కడా తెల్లపువ్వు లేదు. అమ్మ నేర్పిన మాట దానికి బాగా గుర్తుంది. పువ్వు లేని చోట ఎంతైనా తవ్వుకోవచ్చు! ధైర్యంగా ముట్టె దూర్చింది.

తుంగమ్మ నేర్పిన మాటే ఇప్పుడు తన బిడ్డ పీక మీదికి వస్తోంది. అరుద్దామనుకుంది. కోరయ్య దాని కాలు తొక్కి పట్టి, "అరిచావంటే ఈ జన్మకు దీనికి పెళ్ళి కాదు" అని గుసగుసలాడాడు.

మొదటి దుంప వచ్చింది. గుట్టయ్య కరకరా నమిలాడు. తుంగమ్మ ఊపిరి బిగబట్టింది. "తీపి!" అన్నాడాయన. తుంగమ్మ ఊపిరి వదిలింది.

రెండో దుంప వచ్చింది. ముళ్ళమ్మ కొరికింది. "తేనె అనుకో!" అంది. తుంగమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దేవుడున్నాడు, ఇంకొక్కటి గట్టెక్కితే చాలనుకుంది.

గరిక ఇంకో అడుగు ముందుకు వేసి మూడోది తవ్వింది. బురదలోంచి దుంప పైకి వచ్చింది. దానితో పాటే తెగిన కాడ ముక్క ఒకటి వచ్చింది. కాడ కొస మీద పళ్ళ గాటు. తుంగమ్మ పళ్ళ గాటే!

గరిక నోరు తెరిచింది.

"వద్దు!"

చిత్తడంతా దద్దరిల్లింది. జమ్ములోని పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. గరిక నోట్లోంచి దుంప టప్పున కింద పడింది. పన్ను కూడా దిగలేదు. అంతేనా! గట్టు మీద గడ్డి నములుతున్న పిల్లలందరి నోళ్ళలోంచీ గడ్డి రాలిపడింది.

"విషమా అమ్మా? ఇక్కడ పువ్వు లేదుగా!" అంది గరిక బిత్తరపోయి. ముందుగా తేరుకున్నది కోరయ్యే. పరువు పోతుంటే ఆయన నిలబడగలడా? గట్టిగా నవ్వేశాడు.

"ఏమీ అనుకోకండి బావగారూ. మా చెల్లెలికి కూతుర్ని పంపాలంటే బెంగ. రాత్రి నుంచీ మతి మతిలో లేదు. మా చిత్తడిలో విషమేమిటి! పువ్వేది? విషం ఉంటే పువ్వు ఉండొద్దూ? ఇదిగో, చూడండి!" అంటూ, ముందు రెండూ తీపివే వచ్చాయి కదా అన్న ధీమాతో కింద పడ్డ దుంపను నోట కరిచాడు.

"వద్దన్నయ్యా! వద్దు! వద్దు!" అని తుంగమ్మ అడ్డం పడింది.

ఆ మాట విని మందలో అందరూ ఆగేవాళ్ళే. పెద్దవాణ్ణి, నాకు చెప్పేదేమిటని కోరయ్య ఒక్కడే ఆగలేదు. కసాకసా నమిలి మింగేశాడు. "తీపే!" అన్నాడు, మూతి తుడుచుకుంటూ.

ఆ మాట అన్న నోటి నుంచే నురగ వచ్చింది. ముందు కాళ్ళు మడత పడ్డాయి. తర్వాత వెనక కాళ్ళు. "నీళ్ళు..." అన్నాడు, నీళ్ళలోనే పడి ఉండి. గరిక "మావయ్యా!" అని మీద పడి ఏడ్చింది. అంత పెద్ద పంది, అంత పెద్ద గొంతు, చూస్తుండగానే చల్లబడిపోయాడు.

కప్పలు అరవడం మానేశాయి.

గుట్టయ్య తుంగమ్మ దగ్గరికి వచ్చి, "ఏం జరిగిందో చెప్పు చెల్లెమ్మా" అన్నాడు.

తుంగమ్మ దాచలేదు. గోరింక చెప్పింది, అన్న తుంచమన్నది, తను తుంచింది, అంతా చెప్పేసింది. "జలగలకే సంబంధం వద్దన్నారట మీరు. ఇక విషమంటే నా బిడ్డ మొహమైనా చూస్తారా అని భయపడ్డాను" అని భోరుమంది.

గుట్టయ్య నిర్ఘాంతపోయాడు. "జలగలకు భయపడి వెళ్ళిపోయామా? ఎవరన్నారమ్మా? జలగలు లేని మడుగు ఎక్కడుంది? తమ మడుగులో జలగలు లేవని ఆ మడుగు వాళ్ళు ఒట్టేశారు. నీళ్ళలో దిగితే నా ఒళ్ళంతా పట్టాయి. ముళ్ళు లేవన్నవాళ్ళ దగ్గర ముళ్ళు గుచ్చుకున్నాయి. చిరుత రాదన్నవాళ్ళ దగ్గర దాని అడుగులు చూశాం. అబద్ధం చెప్పినందుకే వచ్చేశాం."

ముళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటూ అంది, "వదినా, మీ తెల్లపువ్వు సంగతి ఆ గోరింకే మాకూ చెప్పింది. విషమున్న చోట ఒక్క పిల్లను కూడా పోగొట్టుకోకుండా పెంచుతున్న తల్లి ఉందని చెప్పింది. ఆ తల్లి కూతురు మా ఇంటికొస్తే రేపు నా మనవలకు వద్దు చెప్పేవాళ్ళుంటారని ఆశపడి వచ్చాం. గట్టు దిగుతూనే పువ్వు కోసమే చూశాం. కనబడకపోయినా ఆ తల్లి పక్కనే ఉంది కదా అని నమ్మి తిన్నాం."

తుంగమ్మకు తల తీసేసినట్టయింది. ఏ పువ్వు చూసి తన బిడ్డను చేసుకుందామని వచ్చారో, ఆ పువ్వునే తను తుంచి నీళ్ళపాలు చేసింది!

"మరి గరిక?" అంది. "తప్పు నాది. దానికేమీ తెలియదు."

గుట్టయ్య కొడుకు వైపు చూశాడు. దుబ్బన్న గరిక వైపు చూశాడు. గరికే తల ఎత్తింది.

"మీరు రమ్మన్నా నేను రాలేను మావయ్యా. ఇప్పుడీ బురదలో ఏది తిండో, ఏది చావో మా అమ్మకే తెలియదు. ఇంతమంది పిల్లల్ని ఇలా వదిలేసి నేనెక్కడికి వచ్చేది?"

కొండ మంద వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ చలికాలం ఎలా గడిచిందో చెప్పాలంటే నాకే మనసు రాదు. తీపిదుంపలు బురద నిండా ఉన్నాయి. ముట్టె పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. కాళ్ళ కింద తిండి పెట్టుకుని మంద పస్తులుంది. గట్టు మీద ఎండువేళ్ళు నమిలారు. తల్లుల పాలు ఎండిపోయాయి. ఆ ఏడు పుట్టిన కూనల్లో కొన్ని మళ్ళీ వానలు చూడలేదు.

ఒకరోజు ఆకలికి ఆగలేక ఒక కూన బురదలోకి పరిగెత్తింది. తుంగమ్మ చూసి "వద్దు!" అని అరిచింది. కూన ఆగలేదు. వెనక్కి తిరిగి తల్లి మొహం వైపు చూసింది, ఈమె మాట వినాలా అన్నట్టు. తల్లి కూడా అరిచాకే ఆగింది. తుంగమ్మ అక్కడే కూలబడిపోయింది. అన్న పోయినప్పుడు కూడా అది అంత దిమ్మెరపోలేదు.

ఆ సాయంత్రమే కూతుర్ని పిలిచింది. "ఇక నుంచి నువ్వు చెప్పు గరికా. నా మాట చెల్లదు. కానీ చెప్పేటప్పుడు నేను చేసింది కూడా చెప్పు."

"అమ్మా! పిల్లల ముందు, నీ పేరు పెట్టి చెప్పనా?"

"నా పేరు పెట్టే చెప్పు. నన్ను పక్కనే నిలబెట్టుకుని చెప్పు. ఇది కూడా దాచావంటే మళ్ళీ ఒకర్తి తుంచుతుంది."

వానలు పడ్డాయి, వెనకబట్టాయి. తెల్లపువ్వులు మళ్ళీ పూశాయి. గరిక కొత్త కూనల్ని వరసగా నిలబెట్టింది. "వద్దు, వద్దు, వద్దు" అని ముమ్మారు చెప్పింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"పోయినేడు ఈ పువ్వుల్ని మా అమ్మ తుంచేసింది. అందుకే మా మావయ్య చచ్చిపోయాడు. మీ అన్నలూ అక్కలూ ఆకలితో పోయారు. ఇదుగో, మా అమ్మ ఈమే" అంది.

కూనలన్నీ నోళ్ళు తెరిచి తుంగమ్మ వైపు చూశాయి. తుంగమ్మ తల దించుకోలేదు. చివరి కూన కూడా తనను చూసేదాకా అక్కడే నిలబడింది.

నీతి: అపాయాన్ని చూపించే గుర్తును చెరిపేస్తే అపాయం పోదు, అది మనవాళ్ళకే కనబడకుండా పోతుంది.